కోడింగ్ ఎక్కట్లేదా? అయినా సరదాగా నేర్చుకోవచ్చు

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది కోడింగ్ గురించి. ఉద్యోగం కోసం నేర్చుకునే కోడింగ్ సంగతి పక్కన పెట్టండి. ఊరికే, ఇష్టం కొద్దీ, ఖాళీ టైమ్‌లో నేర్చుకునే కోడింగ్ గురించి.

చాలామందికి జరిగేది ఇదే. ఒక వీడియో చూస్తారు. అందులో ఆయన టకటకా టైప్ చేసేస్తుంటాడు, అన్నీ పనిచేసేస్తుంటాయి. చూస్తున్నంతసేపు మనకీ అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి సొంతంగా నాలుగు లైన్లు రాస్తే మాత్రం ఒక్కటీ నడవదు. ఎర్రర్ మీద ఎర్రర్. నాలుగు రోజులు చూసి, "ఇది మన బుర్రకి ఎక్కదు రా" అని యాప్ తీసేస్తారు.

ఆ యాప్ తీసేసే ముందు ఒక్క మాట వినండి. ఎర్రర్ వచ్చిందంటే మీకు చేతకాదని అర్థం కాదు. కోడింగ్ అంటేనే చాలావరకు ఎర్రర్‌ని చదవడం, ఎందుకొచ్చిందో వెతకడం. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నవాళ్లకి కూడా రోజూ ఎర్రర్లు వస్తాయి. వాళ్లు భయపడరు, అంతే తేడా.

ఉదాహరణ చెప్తాను. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫోన్‌లోనే పైథాన్ నడిపే యాప్‌లు ఉన్నాయి. పైడ్రాయిడ్, టెర్మక్స్ లాంటివి. మొదటి లైను ప్రింట్ అని రాస్తారు. ఒక్కోసారి ఫోన్ కీబోర్డ్ తనంతట తనే మొదటి అక్షరాన్ని కేపిటల్ చేసేస్తుంది. పైథాన్‌కి చిన్న పి వేరు, పెద్ద పి వేరు. దాంతో "నేమ్ ఎర్రర్" అంటుంది. అంటే, ఈ పేరుతో నాకేమీ తెలియదు అని చెప్తోంది. కొత్త వెర్షన్లయితే, మీరు రాయాలనుకున్నది ఇదేనా అని సరైన పదం కూడా చూపిస్తాయి. అది మిమ్మల్ని తిట్టట్లేదండీ, దారి చూపిస్తోంది.

ఇంకోటి. రూమ్‌మేట్స్ ఖర్చులు లెక్కేద్దామని చిన్న ప్రోగ్రామ్ రాశారు. బియ్యానికి 450, కూరగాయలకి 200 అని టైప్ చేశారు. కూడితే 650 రావాలి కదా? వచ్చింది 450200! ఇక్కడ ఎర్రర్ కూడా లేదు, జవాబే తప్పు. ఎందుకంటే మనం 'ఇన్‌పుట్' ద్వారా టైప్ చేసిన దేన్నైనా పైథాన్ ముందు అక్షరాలుగానే తీసుకుంటుంది. 'రాజ' పక్కన 'మండ్రి' పెడితే రాజమండ్రి అయినట్టు, 450 పక్కన 200 అతికించింది. 'ఇంట్' అనే మాట వాడి, "ఇది అంకె" అని చెప్తే అప్పుడు కూడుతుంది. ఈ ఒక్క సంగతి మీరే తవ్వి తెలుసుకున్నారనుకోండి, పది వీడియోలు చూసినా రానిది వచ్చేసినట్టే.

మన భాషతో కూడా ఒక ఆట ఆడండి. 'తెలుగు' అనే మాట పొడవెంత అని 'లెన్'తో అడగండి. మన కంటికి కనిపించేవి 3 అక్షరాలే. పైథాన్ 6 అంటుంది. యూనికోడ్‌లో త ఒకటి, దానికి పట్టిన ఎత్వం ఇంకొకటి. అలాగే ల, కొమ్ము, గ, కొమ్ము. లెక్క సరిపోయింది కదా? ఇలాంటి చోటే కష్టం కాస్తా సరదాగా మారుతుంది.

"నాకు ఇంగ్లీష్ అంతగా రాదు కదా" అనేవాళ్లు చాలామంది ఉంటారు. పైథాన్‌లో ముఖ్యమైన కీవర్డ్‌లు మొత్తం 35. ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్ లాంటి చిన్న చిన్న మాటలే ఎక్కువ. ఎర్రర్ మెసేజ్‌లు కూడా కొన్నే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. తెలుగు మీడియం అని మొదలుపెట్టకుండా ఆగిపోకండి.

ఇక ఇంట్లో వచ్చే ప్రశ్న: "దీనివల్ల ఉద్యోగం వస్తుందా?" మన దగ్గర కోడింగ్ అనగానే అమీర్‌పేట, కోర్సు ఫీజు, ప్యాకేజీ... ఇవే గుర్తొస్తాయి. కానీ గల్లీలో క్రికెట్ ఆడేవాడిని రంజీకి సెలెక్ట్ అవుతావా అని ఎవరైనా అడుగుతారా? హాబీకి సిలబస్ లేదు, పరీక్ష లేదు. ఒకే లైను దగ్గర వారం రోజులు ఆగినా అడిగేవాడు లేడు.

పైథాన్ కూడా హాబీగానే మొదలైంది. 1989 డిసెంబర్‌లో, క్రిస్మస్ సెలవుల్లో కాలక్షేపానికి గీడో వాన్ రోసమ్ దాన్ని మొదలుపెట్టాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ స్టూడెంట్ లినక్స్‌ని హాబీగానే ప్రకటించాడు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని లోపల ఉన్న కెర్నల్ అదే. వాళ్లిద్దరూ అప్పటికే బాగా నేర్చినవాళ్లు, నిజమే. మనం అంత చేయక్కర్లేదు. ఇష్టంతో చేసే పని చిన్నచూపు చూడాల్సింది కాదని చెప్పడానికే ఈ మాట.

మరి ఎలా మొదలుపెట్టాలి? మీకు పనికొచ్చే చిన్నది ఒకటి ఎంచుకోండి. ఖర్చుల లెక్కో, అంకె కనిపెట్టే ఆటో. రోజుకి 20 నిమిషాలు చాలు. ఎర్రర్ వస్తే ముందు ఆఖరి లైను చదవండి, తర్వాత అది చూపించిన లైను నెంబర్ దగ్గరికి వెళ్లండి. ఒకసారికి ఒక్కటే మార్చి నడిపి చూడండి. ఏఐని అడిగితే మొత్తం రాసిచ్చేస్తుంది. కానీ అది జవాబులు ముందే చూసి పదవినోదం నింపినట్టు ఉంటుంది. కావాలంటే "ఈ ఎర్రర్‌కి అర్థమేంటి" అని మాత్రం అడగండి. అస్సలు తెగకపోతే మూసేసి పడుకోండి. రేపు చూడొచ్చు.

ఒక నెల చూశాక కూడా సరదా అనిపించకపోతే, హాయిగా వదిలేయండి. తప్పేం లేదు. కానీ "నా బుర్రకి ఎక్కదు" అని మాత్రం వదలొద్దు.

మీకు వచ్చిన మొదటి ఎర్రర్ ఏంటో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.