గవ్వలు, గుంటలు, మన రేవు చరిత్ర
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఆదివారం తరగతి పిల్లలకు పానిపట్టు యుద్ధాల సంవత్సరాలు కంఠతా వచ్చు. పరీక్ష అయిన మర్నాటికి రావు. చరిత్రంతా ఢిల్లీలోనే జరిగిందనీ, మన ఊరికీ మనవాళ్లకీ అందులో చోటు లేదనీ వాళ్లు అనుకోవడం అంతకన్నా బాధ. అందుకే ఈ ఏడాది పుస్తకం పక్కనపెట్టి పాత ఆటవస్తువులు చేతికిచ్చాం.

మొదట గవ్వ. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అని ఇంట్లో వినే పిల్లలకు గవ్వ ఒకప్పుడు నిజంగా డబ్బేనని తెలియదు. ఆ గవ్వలు ఎక్కువగా మాల్దీవుల నుంచి వచ్చేవి. 1343లో అక్కడికి చేరి, ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, దీవులవాళ్లు గవ్వలిచ్చి బెంగాల్ బియ్యం కొనేవారని రాశాడు. బస్తాకు ఎన్ని గవ్వలని పిల్లలు వెంటనే బేరాలకు దిగారు.

అక్కడి నుంచి మోటుపల్లికి రావడం తేలికైంది. మనకు దక్షిణాన, ఇదే తీరం మీద, అది కాకతీయుల నాటి పెద్ద రేవు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. సుంకం తప్ప మరేదీ ముట్టబోమని గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడు. కొబ్బరిచిప్ప ఓడగా, చింతగింజలు సరుకుగా పెట్టి దీన్ని ఆడించాం. ఆ శాసనం ఎందుకో మేం చెప్పనక్కరలేకపోయింది. వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు కదా!

గవ్వలు విసిరి ఆడితే జూదం అలవాటవుతుందని కొందరు పెద్దలు అన్నారు. వారి మాట తోసేయలేదు. గవ్వలను చూపడానికే ఉంచుకుని, ఆటకు వామనగుంటలు తీసుకున్నాం. పద్నాలుగు గుంటలు, గుప్పెళ్లకొద్దీ చింతగింజలు. విసరడం లేదు, పందెం లేదు, అంతా లెక్కే. ఈ తరహా ఆటలు ఆఫ్రికాలోనూ, అరబ్బు దేశాల్లోనూ ఉన్నాయి. వాటికి ప్రపంచం వాడే 'మన్‌కలా' అనే పేరు, 'కదిలించడం' అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. మన చతురంగమేమో పర్షియా మీదుగా అరబ్బులకు చేరి షత్రంజ్ అయింది. ఆటలు ఇటూ అటూ ఓడలెక్కాయని మ్యాపు మీద వేలు పెట్టి పిల్లలే చెబుతున్నారు.

ఇప్పుడు మా అభ్యర్థన. మా దగ్గర వామనగుంటల పీట ఒక్కటే ఉంది. మిగిలిన పిల్లలు ఇసుకలో గుంటలు తవ్వుకుంటున్నారు. మీ అటక మీద పాత పీట ఉంటే కబురు చేయండి, మేమే వచ్చి తీసుకెళ్తాం. ఆట తెలిసిన నానీమాలు ఆదివారం అస్ర్ నమాజు తరువాత ఒక గంట వచ్చి కూర్చోవాలి. మాకు రాని ఎత్తులు వారికి వచ్చు.