భుజముమీది గొఱ్ఱె

క్రైస్తవ గృహములలో గోడలకు వ్రేలాడు పటములలో తరచుగా కానవచ్చునది మంచి కాపరి పటము. తెల్లని అంగీ, చేత వంకకఱ్ఱ, భుజములమీద ఒక గొఱ్ఱెపిల్ల, చుట్టును పచ్చిక. చూడగానే మనస్సునకు చల్లగా ఉండును. ఆ చల్లదనమే పటము యొక్క అర్థమని సాధారణముగా సరిపెట్టుకొనుచుందుము. కాని ఆదికాలపు క్రైస్తవులకు ఇది తగవు పెట్టిన చిత్రము. ఆ భుజములమీద నున్న గొఱ్ఱె ఎవరు? దానిని తిరిగి మందలో చేర్చవచ్చునా, కూడదా? ఈ ప్రశ్న మీద మూడవ శతాబ్దిలో పండితులు కలహించిరి, సంఘములు చీలినవి. ఆ తగవును గురించియే ఇప్పుడు నాలుగు మాటలు మనవి చేయుదును.

కాపరి అను ఉపమానము క్రైస్తవముకంటె చాల పాతది. బాబిలోనియా రాజు హమ్మురాబి క్రీస్తుపూర్వము 18వ శతాబ్దిలో తన ధర్మశాసనపు పీఠికలోనే తన్ను కాపరినని చెప్పుకొనెను. రాజులకు ఇష్టమైన బిరుదు అది. బాబిలోనియాకు చెరపట్టుకొని పోబడిన యూదులలో ఒకడైన యెహెజ్కేలు ప్రవక్త ఆ బిరుదునే పట్టుకొని పాలకులను నిలదీసెను. ఆయన గ్రంథము 34వ అధ్యాయమంతయు ఒక అభియోగపత్రము వంటిది. మంద క్రొవ్వు తినుచున్నారు, ఉన్ని కప్పుకొనుచున్నారు. కాలు విరిగినదానికి కట్టు కట్టలేదు, తప్పిపోయినదానిని వెదకలేదు అని ఆయన ఆరోపణ. ఇట్టి కాపరులు ఇక వలదు, నా మందను నేనే వెదకికొందునని దేవుడు పలికినట్లు ఆయన వ్రాసెను. కాపరి చిత్రమునకు మూలమున ఉన్నది ఈ కోపమే.

సువార్తలలో ఇది రెండు పాయలుగా వచ్చినది. యోహాను సువార్త 10వ అధ్యాయములోని కాపరి మందను వెనుకనుండి అదలించి తోలడు. ముందు నడచును, గొఱ్ఱెలు అతని స్వరము గుర్తుపట్టి వెంటబోవును. అతనికి ఎదురుగా ఒక కూలివాడు నిలుచును. తోడేలు కనబడగానే వాడు పరుగెత్తును. మంద వానిది కాదు గదా! లూకా సువార్త 15వ అధ్యాయములోని కథ వేఱు. పన్ను వసూలుచేయువారితోను, చెడ్డపేరు పొందినవారితోను కలిసి భుజించుచున్నాడని పెద్దలు గొణిగినపుడు యేసు చెప్పిన కథ అది. నూఱు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోగా, తొంబదితొమ్మిదింటిని అడవిలో విడిచి కాపరి దానికొఱకు పోయెను. లెక్క తెలిసిన ఏ కాపరియు చేయని పని! మత్తయి సువార్తలోను ఈ కథ కలదు. కాని దొరికిన గొఱ్ఱెను భుజములమీద వేసికొనుట లూకాలోనే ఉన్నది. చిత్రకారులకు కావలసినది ఆ ఒక్క వాక్యమే.

బొమ్మ మాత్రము వారు క్రొత్తగా కల్పించినది కాదు. ఏథెన్సు ఆక్రోపొలిస్ పై క్రీస్తుపూర్వము 6వ శతాబ్దినాటి శిల్పమొకటి దొరికినది. దూడను భుజములమీద మోయు గడ్డపు మనిషి. పొట్టేలును మోయు హెర్మీసు దేవుని ప్రతిమలును గ్రీకులకు ఉండెడివి. క్రైస్తవులు ఆ రూపమునే తీసికొని తమ కథ చెప్పుకొనిరి. రోము నగరపు వెలుపల ప్రిస్సిల్లా, కల్లిస్టసు అను పేర్లుగల భూగర్భ శ్మశానముల పైకప్పులలో, మూడవ శతాబ్దిలో వ్రాసిన కాపరి నేటికిని ఉన్నాడు. గడ్డము లేని యువకుడు, మోకాళ్లవఱకు పొట్టి అంగీ. శిరస్సు వెనుక తేజోవలయము లేదు. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా-యూరోపోస్ అను కోటపట్టణమున, ఒక ఇంటిని ప్రార్థనాలయముగా మార్చుకొని, జ్ఞానస్నానపు తొట్టిపై అతనినే చిత్రించిరి. పారసీకుల ముట్టడికి భయపడి కోటగోడను మట్టితో బలపఱచినపుడు ఆ ఇల్లు కప్పడిపోయెను. అందువలననే గోడలు నిలిచినవి. 1932లో బయల్పడిన ఆ చిత్రము ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమున ఉన్నది.

ఇక తగవు. కార్తేజ్ నగరవాసి టెర్టుల్లియన్ గొప్ప వాదకుడు, లాటిన్ భాషలో దిట్ట. వ్యభిచార దోషులు పశ్చాత్తాపపడినచో వారిని క్షమింతునని ఒక బిషప్పు ప్రకటింపగా, ఈయన మండిపడి ఒక గ్రంథము వ్రాసెను. ఆనాటి క్రైస్తవుల పానపాత్రలపై కాపరి బొమ్మ ఉండెడిదని మనకు తెలియుట ఈయన ఎత్తిపొడుపు వలననే! ఆ గొఱ్ఱె సంఘములో చేరి పాపము చేసినవాడు కాడు, ఇంకను సంఘమునకు రాని అన్యుడే అని ఆయన వాదము. అంతకు ముందు వ్రాసిన గ్రంథములో మాత్రము ఆ గొఱ్ఱెనే పశ్చాత్తాపపడు క్రైస్తవునికి ధైర్యముగా ఆయనయే చూపియుండెను. చిత్రకారులు ఈ వాదమును పట్టించుకొనినట్లు లేదు. కొన్ని చిత్రములలో కాపరి భుజములమీద ఉన్నది గొఱ్ఱె కూడ కాదు, మేక. కడపటి తీర్పునాడు ఎడమవైపునకు త్రోయబడునని మత్తయి సువార్త చెప్పు జాతి! ఆ చిత్రకారుడు ఏమి తలచెనో గాని, నాకు పండితుని తర్కముకంటె అతని కుంచెయే ఎక్కువ నచ్చినది.

క్రీస్తుశకము 250లో ఇది పుస్తకములు దాటి వీధిలోనికి వచ్చెను. ప్రజలందఱు దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రము పొందవలెనని చక్రవర్తి డెషియస్ ఆజ్ఞాపించెను. ప్రాణభయమున ఎందఱో క్రైస్తవులు బలి ఇచ్చిరి. కొందఱు పత్రములు కొనుక్కొనిరి. కార్తేజ్ బిషప్పు సిప్రియన్ అజ్ఞాతమునకు పోయి అచటినుండి ఉత్తరములతో సంఘమును నడిపెను. అప్పుడు రోములోని గురువులు కార్తేజ్ గురువులకు వ్రాసిన ఉత్తరములో యెహెజ్కేలు నిందయు, పారిపోవు కూలివాని మాటయు ఎత్తిరి. ఎవరినుద్దేశించినదో వేఱుగ చెప్పనక్కఱ లేదు. ఇది నిజముగా మీరు వ్రాసినదేనా, చూచి చెప్పుడని సిప్రియన్ ఆ ఉత్తరమును వారికే త్రిప్పి పంపెను!

హింస సద్దుమణిగిన పిదప, పడిపోయినవారు తలుపు తట్టిరి. చేర్చుకొనరాదని రోములో నొవేషియన్ పట్టుపట్టి వేఱు సంఘము పెట్టెను. ప్రాయశ్చిత్తము జరిపించి చేర్చుకొనవలెనని 251లో కార్తేజ్ సభ, సిప్రియన్ అధ్యక్షతన, నిర్ణయించెను. ఏడేండ్లకు వలేరియన్ కాలమున మరల ఆజ్ఞ వెలువడినపుడు ఆయన తన జనుల నడుమనే నిలిచి, 258 సెప్టెంబరు 14న శిరచ్ఛేదము పొందెను. మన సంఘములలో సంఘకాపరి అను మాట, పాస్టరు అను లాటిన్ మాట, రెండును ఒకే అర్థము గలవి. ఆ పదవి పేరునకు ఆనాడు పలికిన వెల అట్టిది.

ప్రభుత్వము క్రైస్తవమైన తరువాత కాపరి వేషము మాఱెను. ఇటలీలో రవెన్నా నగరమున గల్లా ప్లాసిడియా సమాధిమందిరమని పేరుగల కట్టడములో ఐదవ శతాబ్దిపు చిత్రమొకటి కలదు. రంగురాళ్లు పొదిగి చేసినది, అతి సుందరమైనది. కాపరి బంగారు అంగీ ధరించి, బంగారు సిలువను పట్టుకొని, రాజువలె కూర్చుండును. చుట్టును ఆఱు గొఱ్ఱెలు. వానిలో ఒకదాని మూతిని చేతితో తాకుచున్నాడు. భుజములమీద ఏదియు లేదు.