పెద్ద ఆపరేషను లెక్క: ఆలుమగలు తెలుసుకోవలసిన సంగతి





పురిటి కబురు వినగానే మనవాళ్లు "ఆడా, మగా?" అంటారు. వెంటనే "మామూలు కాన్పా, పెద్ద ఆపరేషనా?" అనీ అడుగుతారు. పెద్ద ఆపరేషనంటే పొట్ట కోసి బిడ్డను తీసే సిజేరియన్. పిల్లలు చాలనుకున్నాక చేయించుకునే కుటుంబ నియంత్రణ ఆపరేషను వేరు, ఇది వేరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకు ముందు అయిదేళ్లలో మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క నూటికి 21 పైచిలుకు మాత్రమే. ఒక ప్రాంతం మొత్తంలో ఈ ఆపరేషన్లు నూటికి పది దాటాక, అవి పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే అవసరం లేని కోతలు కూడా జరుగుతున్నాయన్న మాట.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. కష్టమైన కాన్పులను మన దగ్గర నుంచి విజయనగరం ఘోషాసుపత్రికో, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికో పంపవలసి వస్తుంది. "అమ్మో, అక్కడికెళ్తే కోసేస్తారు" అని కొందరు 108 బండి ఎక్కడానికి వెనకాడతారు. ఆలోచించండి. బిడ్డ అడ్డం తిరిగిన తల్లి, రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చిన తల్లి, మాయ అడ్డుపడి రక్తం పోతున్న తల్లి అందరూ చేరేది అక్కడికే. ఆపరేషన్లు ఎక్కువ కాక ఏమవుతాయి? చెరువులన్నిటి నీరూ ఒక్క మదుములోకే వస్తే ఉరవడి ఎక్కువగానే ఉంటుంది.

మరి పెద్దాసుపత్రి సరిగా పని చేస్తున్నదీ లేనిదీ తెలిసేదెలా? మైకేల్ రాబ్సన్ అనే ప్రసూతి వైద్యుడు 2001లో ఒక పద్ధతి చెప్పాడు. కాన్పుకు వచ్చిన ప్రతి తల్లినీ పది గుంపులలో ఒకదానిలో రాస్తారు. మొదటి కాన్పా, కాదా? ఇంతకు ముందు పొట్ట కోశారా? బిడ్డ ఒకటా, కవలలా? తల కిందికి ఉందా? నెలలు నిండాయా? నొప్పులు వాటంతట అవే వచ్చాయా? అటు తరువాత ఏ గుంపులో ఎన్ని ఆపరేషన్లు అయ్యాయో విడివిడిగా చూస్తారు.

మాటవరసకు, బిడ్డ అడ్డం తిరిగిన గుంపులో పదిమందికి పదిమందికీ ఆపరేషను చేశారనుకోండి. అందులో వింత లేదు. కాని తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి, నెలలు నిండాయి, నొప్పులూ వచ్చాయి. అలాంటి ఇరవై మందిలో పదిమందిని కోస్తే "ఎందుకు?" అని డాక్టర్లు తమలో తాము ప్రశ్నించుకోవాలి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతినే సిఫారసు చేసింది.

ఈ గుంపు ఎందుకింత ముఖ్యం? తొలి కాన్పుకు కోత పడితే మలి కాన్పుకూ కోత పడే అవకాశం ఎక్కువ. ప్రతి కోతతోనూ, తరువాతి గర్భంలో మాయ పాత మచ్చకు అతుక్కుపోయి విపరీతంగా రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది. అందుచేత అనవసరమైన మొదటి కోతను ఆపితే తరువాతి కాన్పులనూ కాపాడినట్టే.

ఇందులో మన వంతు కూడా ఉంది. పంచాంగం చూపించి "ఫలానా ముహూర్తానికి బిడ్డను తీయండి" అని అడిగేది మనమే కదా! నెలలు పూర్తిగా నిండకుండా తీసిన బిడ్డకు ఊపిరి తీసుకోవడం కష్టం కావచ్చు. బిడ్డ క్షేమంగా పుట్టిన ఘడియే మంచి ఘడియ.

కనుక ఆలుమగలిద్దరూ ఈ నాలుగు సంగతులు మరువకండి.

ఒకటి: ఆపరేషను కావాలన్నప్పుడు "కారణమేమిటి డాక్టరుగారూ?" అని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది. కారణం చెప్పాక జాప్యం చేయకండి. అత్తగారు రావాలి, మామగారు ఒప్పుకోవాలి అంటూ గడియలు పోగొడితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండు: ఆసుపత్రి కాగితం జాగ్రత్తగా దాచండి. ఎందుకు కోశారో అందులో రాసి ఉంటుంది. వచ్చే కాన్పుకు ఆ కాగితమే దారి చూపుతుంది.

మూడు: ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, 2011 నుంచి ఉచితం. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది. కష్టమైన కాన్పును ముందే కనిపెట్టేది అక్కడే.

నాలుగు: కాన్పు తరువాత మళ్లీ గర్భం రావడానికి కనీసం రెండేళ్లు ఎడం ఉండాలి. కోత పడిన తల్లికి ఇది మరీ అవసరం. ఆపరేషను సమయంలోనే, ఆమె ముందుగా ఒప్పుకుంటే, కాపర్‌-టి వేస్తారు. నిరోధ్ ఉంది, అంతర ఇంజెక్షను ఉంది. ఇక పిల్లలు చాలనుకుంటే, అయ్యలారా, ఒకసారి కోత పడిన ఇల్లాలిని మళ్లీ కోతకు పంపడమెందుకు? కుట్టు లేని వేసెక్టమీ మగవారి కోసమే ఉంది. మర్నాటికే పొలానికి పోకపోయినా, కొద్ది రోజుల్లోనే మీ పని మీరు చేసుకోగలరు.

అవసరమైన కోతకు భయపడవద్దు. అవసరం లేని కోతను కోరవద్దు.

తల్లి క్షేమమే ఇంటి క్షేమం.