మూత్రపిండములలో రాళ్ళు – మన తిండి, మన నీళ్ళు



మేము వైద్యులము కాము, ఉర్దూ బడిలో పాఠములు చెప్పుకొనే వారము. అయినా ఈ 'పథరీ' నొప్పి మేము స్వయంగా అనుభవించినదే. ఒకరోజు పాఠం మధ్యలో నడుము నుండి గజ్జల దాకా పొడుచుకొచ్చి కుర్చీలో కూలబడ్డాము. డాక్టరు గారి మొదటి ప్రశ్న: "మాస్టారూ, రోజుకు నీళ్ళెన్ని తాగుతారు?" టీలైతే లెక్క చెప్పగలిగాము గాని నీళ్ళకు జవాబు లేకపోయింది.

వెయ్యేళ్ళ క్రితమే హకీం అల్ రాజీ ఈ రాళ్ళపై ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాశారు. జబ్బు అంత పాతది. నీరు తగ్గి మూత్రం చిక్కబడితే అందులోని లవణములు గడ్డకట్టి రాయి అవుతాయి. ఎక్కువ రాళ్ళు కాల్షియం, ఆక్జలేటు కలిసినవి. కొన్ని యూరిక్ ఆమ్లం వల్ల వస్తాయి.

మన విశాఖలో ఉక్కు కర్మాగారపు కొలిమి దగ్గర, పోర్టులో ఎండన పనిచేసే వారికి ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. మూత్రం రోజుకు 2 నుండి 2.5 లీటర్లు వచ్చేటంత నీరు తాగాలి. రంగు ముదిరిందంటే నీరు చాలలేదన్నమాట. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తాగాలి.

ఇక తిండి. ఉప్పు తగ్గించాలి. ఊరగాయ, అప్పడం, ఎండుచేప మితంగా ఉండాలి. మాంసం మానక్కరలేదు గాని పూటపూటా ఖీమా, కలేజీ వద్దు. పాలు, పెరుగు మానడం పొరపాటు. భోజనంతో తీసుకుంటే అవి ఆక్జలేటును పేగులోనే పట్టేస్తాయి. పాలకూర అతిగా వద్దు. నిమ్మరసం మంచిది, ఉప్పు వేయకండి.

రంజాన్‌లో ఇఫ్తార్ నుండి సహరీ దాకా కొంచెం కొంచెంగా నీరు తాగుతూ ఉండాలి. రాళ్ళున్నవారు ముందుగా డాక్టరు సలహా తీసుకోవాలి.

కొండపిండాకునే నమ్ముకుని నెలలు గడపకండి. చిన్నరాయి తరచు దానంతట అదే పడిపోతుంది. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా అదే రోజు కె.జి.హెచ్.కు గాని, దగ్గరి ఆసుపత్రికి గాని వెళ్ళాలి. ఆలస్యమైతే మూత్రపిండమే పాడవుతుంది.

చివరగా ఒక్క మాట. మరుగుదొడ్డి బాగుండదని బడిలో పగలంతా నీళ్ళు ముట్టని ఆడపిల్లలను మేము చూస్తూనే ఉన్నాము. వాళ్ళకు 'నీళ్ళు తాగండమ్మా' అని ఏ మొహంతో చెప్పగలం? శుభ్రమైన మరుగుదొడ్డి కూడా ఈ జబ్బుకు మందే. సంఘం ఈ సంవత్సరం ఆ పని చేపట్టాలని మా మనవి. బిడ్డల సీసాలు సాయంత్రం ఖాళీగా వచ్చాయో లేదో తల్లులు చూడాలి.

ఖుదా హాఫిజ్.