తోటలో ఒదిగిన చిన్న కొయ్యయిల్లు



గృహనిర్మాణమును గూర్చి చెప్పుటకు నేను శిల్పిని కాను. బడిపంతులుగా జీవితము గడపినవాడను. నేను కట్టించుకొనిన యొక చిన్న కొయ్యయింటి ముచ్చటను మాత్రము నేడు మీకు మనవి చేసికొందును.

మాది శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మా సీమపై విరుచుకొనిపడినది. కొబ్బరి, జీడి, పనస తోటలు నేలగూలినవి. మా పెంకుటిల్లు పడిపోయినది. మా తాతగారు నాటిన రెండు పనసచెట్లలో ఒకటి వేళ్లతో పెకలివచ్చినది. రెండవదానిని గూడ కొట్టించి ఆ తావున మేడ కట్టవలెనని మా కుమారుని తలంపు. "మరల గాలి వచ్చి ఈ చెట్టు ఇంటిపై బడిన నేమి గతి, నాన్నగారూ?" అని యతడడిగెను. అది న్యాయమైన ప్రశ్నయే.

నేను వెంటనే బదులు చెప్పలేదు. ఒక సంవత్సరకాలము ఆ దొడ్డిలో ఎండ యెటు తిరుగుచున్నదో, వాననీరెటు పారుచున్నదో చూచుచు వచ్చితిని. పిల్లలకు బోధించిన లెక్కయే నాకు దారి చూపినది. వేసవిలో మూడు గంటలు దాటిన పిదప చెట్టు నీడ చెట్టు పొడవునకు మించి తూర్పునకు సాగును. కావున చెట్టునకు తూర్పుగా, దాని యెత్తునకు కొంచెము మించిన దూరమున ఇల్లు కట్టినచో, పడమటి యెండ తగులదు. చెట్టు పడినను ఇంటిని తాకదు. ఈ మాటకు మావాడు సమ్మతించెను.

పడిన పనసమ్రానునే కొయ్యగా వాడితిమి. బొబ్బిలి వీణకు వాడునదియు పనసకొయ్యయే గదా! పైనుండు తెల్లకొయ్యను పురుగు తినును. లోని పసుపుపచ్చని చేవయే పనికివచ్చును. మా వడ్రంగి దుంగలను కోయించి, పలకల నడుమ గాలి యాడునట్లు పుల్లలుంచి, నీడలో పేర్చెను. "పంతులుగారూ, ఏడాది ఓపిక పట్టండి" అనెను. నేను తొందరపడి ఒక ద్వారబంధమును పచ్చికొయ్యతోనే చేయించితిని. అది వంకరపోయి, ఆ తలుపు నేటికిని సరిగా మూతపడదు.

స్తంభములను నేలలో పాతక, జానెడెత్తు రాతిదిమ్మెలపై నిలిపితిమి. చెద పుట్టినను రాతిపై మట్టిదారి కనబడును, వెంటనే దులిపివేయవచ్చును. కప్పును నాలుగు వైపులకు వాలుగా దింపి, చూరును ఎక్కువగా ముందుకు చాపలేదు. చూరు క్రింద దూరిన గాలియే కప్పును లేవనెత్తును. తాటివాసములను దూలములతోను, దూలములను స్తంభములతోను, స్తంభములను పునాదితోను ఇనుపపట్టీలతో బిగించితిమి. పాత యింటి పెంకులే పైన పరచితిమి. రెండు గదులు, వంటయిల్లు, ఒక పంచ: ముసలివారిరువురకు ఇంతకంటె నేమి కావలెను?

అయినను ఇంటిని జూచి గర్వపడరాదు. పెనుతుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తలుపులు బిగించి తుపాను రక్షణభవనమునకు పోవుటయే వివేకము. ఇల్లు మరల కట్టుకొనవచ్చును.

సోదరులారా! ఇల్లు కట్టదలచినవారు గొడ్డలి పట్టుటకు ముందు ఒక్క యేడాది తమ దొడ్డిని చూడుడు. ఎండయు, గాలియు, నీరును చెప్పు మాట వినుడు. ఆ పైని వడ్రంగిని పిలువుడు.