రాగం పేరులో దాగిన అంకె

హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ 1972 నుంచే ఉంది. ఇప్పుడు ఆ సరదాకి హాలూ అక్కర్లేదు, మైకూ అక్కర్లేదు. నలుగురు స్నేహితులు, ఒక వాట్సాప్ గ్రూపు చాలు.

బాలాపూర్‌లో ఉన్న స్నేహితుడు పొడుపు వేస్తాడు: "1994లో 450 రూపాయలు. తినేదే, కానీ పాడాల్సింది వేలం పాట." ఇది చిటికెలో తేలిపోతుంది. వాళ్ళ ఊరి గణేశుడి లడ్డూ!

అసలు చిక్కు సంగీతం దగ్గర వస్తుంది. "ధైర్యమున్న శివుడి నగ ఎన్నో నంబరు?" శివుడి నగ అనగానే అందరూ పాము వెంట పడతారు. అడిగినవాడికి కావలసిందీ అదే. జవాబు ధీరశంకరాభరణం, కర్ణాటక సంగీతంలో 29వ మేళకర్త, అంటే మూల రాగం.

ఆ అంకె ఎలా వచ్చింది? కటపయాది లెక్క. క, ట, ప, య అనే నాలుగు అక్షరాల దగ్గరా ఒకటి నుంచి ఎంచుకుంటూ పోవాలి. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు తీసుకుంటే ధ 9, ర 2. తిప్పి రాస్తే 29. 72 మేళకర్తల పేర్లలోనూ ఇలాగే అంకెలు ఇమిడ్చారు. ఇంత గడుసు పొడుపులు మన సంగీతంలోనే ఉండగా, క్విజ్ అంటే ఇంగ్లీషు వ్యవహారమనుకోవడం అన్యాయం.

ఇక మీ వంతు. సంగీత పాఠం మొదలయ్యే రాగం మాయామాళవగౌళ ఎన్నో మేళకర్త? మ 5, య 1. గ్రూపులో అడిగి చూడండి.