ఐదు విద్యల ఆంద్రాష్ బల్ట్సో



తెర మీద కత్తి తిప్పి, గుర్రం మీంచి దూకి, టైటిల్స్‌లో పేరైనా పడకుండా వెళ్ళిపోయిన ఫైటర్ల స్మృతికి ఈ ఉపన్యాసం. ఫిల్మ్ నగర్‌లో ఈ సందర్భాన ఒక హంగేరీ ఆటగాడి గురించి మాట్లాడాలని నాకెందుకు అనిపించిందో చెబుతాను. గుర్రపు స్వారీ, కత్తియుద్ధం, గురి, ఈత, పరుగు ఒక్కడికే వస్తే అతణ్ణి మనం జానపద కథానాయకుడంటాం. మా తరానికి అలాంటివాడు కత్తి కాంతారావు గారు. ఆంద్రాష్ బల్ట్సోకు ఆ ఐదూ కలిసి ఒకే ఆట: మోడరన్ పెంటాథ్లాన్.

1938లో కొందొరొష్‌లో పుట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం. వ్యక్తిగత పోటీలో నాలుగో స్థానం. 1963లో ప్రపంచ విజేత. అంతటివాడికి మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్ జట్టులో చోటు లేదు. అలిగి కూర్చోలేదు. 1965 నుంచి వరుసగా మూడేళ్ళు ప్రపంచ విజేతగా నిలిచాడు. 1968 మెక్సికోలో జట్టుకు మళ్ళీ స్వర్ణం వచ్చింది కానీ, వ్యక్తిగత స్వర్ణం 11 పాయింట్ల తేడాతో స్వీడన్ వీరుడు బ్యోర్న్ ఫెర్మ్‌కు పోయింది. మరుసటి ఏడాది ఐదోసారి ప్రపంచ విజేత.

ఇక 1972 మ్యూనిక్. అప్పటికి 34 ఏళ్ళు. అప్పట్లో రోజుకొక పోటీ, ఐదు రోజులు. గుర్రం తనది కాదు. చీటీలో ఏది వస్తే దాన్నే, కాసేపటి పరిచయంతో కంచెలు దూకించాలి. చివరి రోజు నాలుగు కిలోమీటర్ల పరుగు. అందరూ ఒక్కసారి బయల్దేరరు, ఒకరి తర్వాత ఒకరిని వదులుతారు. అంటే పక్కన పోటీదారు ఉండడు, గడియారం ఒక్కటే. ఆ పరుగు ముగిసేసరికి బల్ట్సో 5412 పాయింట్లు, సోవియట్ ఆటగాడు ఒనిష్చెంకో 5335. పన్నెండేళ్ళుగా అందని వ్యక్తిగత స్వర్ణం అందింది. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆ పతకం కన్నా, టోక్యో తర్వాత, మెక్సికో తర్వాత మళ్ళీ సాధనకు దిగడంలో ఉంది.

సినిమావాళ్ళు వినాల్సింది ఇప్పుడు చెబుతాను. 1967లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్న ఫెరెంత్స్ కోషా, పదేళ్ళ తర్వాత బల్ట్సో మీద ‘క్యుల్దెతేష్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. నటుడికి వేషం వేయలేదు. ఆటగాణ్ణే కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడనిచ్చాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌తో ఆ ఆటలోంచి గుర్రపు స్వారీయే పోయింది. ఆయన ఆడిన ఆట ఆ రూపంలో ఇక లేదు. ఆయన మాట మాత్రం ఆ రీళ్ళలో ఉంది.

ఆటగాణ్ణే కెమెరా ముందుకు తెచ్చే ఆ దారి మనకూ తెలియనిది కాదు. 1991లో ‘అశ్విని’ చిత్రంలో పరుగుల రాణి అశ్వినీ నాచప్ప స్వయంగా నటించారు. కానీ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదిన గుంటూరు సీమ బిడ్డ షంషేర్ ఖాన్ 2017లో కన్నుమూశారు. ఆయన కథను వెండితెరకెక్కించిన తెలుగు నిర్మాత లేడు. సిడ్నీలో కాంస్యం ఎత్తిన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి మన మధ్యే ఉన్నారు. కృష్ణానగర్‌లో మోకాళ్ళు అరిగిపోయిన పాత ఫైటర్లూ ఉన్నారు. నిర్మాతలారా, మీ స్టూడియోల్లో ఖాళీగా ఉన్న ఒక్క ఫ్లోరు, ఒక్క కెమెరా వారం రోజులు వీళ్ళకివ్వండి. వాళ్ళు మాట్లాడగలిగినప్పుడే ఇవ్వండి.